ఫైర్ స్టేషన్‌కు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి: పర్మిషన్ ఫీజా, ఇంటిపన్నా, సర్కారు పద్దా?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓ మూల గదిలో ఎర్ర రంగు పంపులు రెండు ఉన్నాయి. అసోసియేషన్ ట్రెజరర్‌గా ఉన్న రోజుల్లో, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) రెన్యువల్ కోసం ఒకసారి ఆ గది తాళం తీయించాను. పైపులో నీటి ఒత్తిడి చూపించే గేజీ ముల్లు సున్నా దగ్గర ఆగి ఉంది. వాచ్‌మన్ అద్దం మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి, "ఇదెప్పుడూ ఇంతే సార్" అన్నాడు. స్విచ్ వేస్తే మోటారు మూలిగింది తప్ప పైఅంతస్తు గొట్టంలోకి చుక్క నీరు ఎక్కలేదు. వాల్వు తుప్పు పట్టి బిగుసుకుపోయిందని మెకానిక్ చెప్పాడు. అరవై కుటుంబాలు ఆ వాల్వును నమ్ముకుని ఏళ్ల తరబడి నిద్రపోయాయి.

ఆ రోజే పాత ఫైలు తిరగేశాను. బిల్డర్ ప్లాన్ అప్రూవల్‌కు కట్టిన రసీదు ఉంది. డెవలప్‌మెంట్ చార్జీలు, ఎన్‌ఓసీ ఫీజు, అన్నీ కలిపితే లక్షల్లోనే ఉంది. ఆ డబ్బులో మా ఏరియా ఫైర్ స్టేషన్‌కు చేరిందెంత అని ఆలోచిస్తే, నేరుగా చేరింది ఒక్క రూపాయి కూడా లేదని అర్థమైంది. ప్లాన్ డబ్బు మున్సిపాలిటీ పద్దులో పడింది. ఎన్‌ఓసీ డబ్బు రాష్ట్ర ఖజానాకు వెళ్లింది. స్టేషన్‌కు మాత్రం బడ్జెట్‌లో ఎంత రాసి ఉంటే అంతే.

పట్టణాలు పెరుగుతున్న కొద్దీ "పర్మిషన్ ఫీజులోనే ఫైర్ వాటా పెడదాం" అనే మాట కౌన్సిల్ మీటింగుల్లోనూ, కాలనీ సంఘాల్లోనూ వినిపిస్తోంది. మాట బాగానే ఉంది. ఏ ఖర్చుకు ఏ డబ్బు అన్నది తేల్చుకోకుండా దిగితే మాత్రం నాలుగేళ్లలో దెబ్బతింటాం. కౌన్సిలర్లు, కాలనీ సంఘాల వాళ్లు, ఊరి లెక్కలు పట్టించుకునే వాళ్లు ఎవరైనా సరే, ముందున్న దారుల్ని పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఇది రాస్తున్నాను.

ముందు, ఫైర్ స్టేషన్ ఎవరిది?

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలును చేర్చింది. పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితా అది. అందులో ఏడోది ఫైర్ సర్వీసులు. రాజ్యాంగం ప్రకారం ఇది ఊరి పనే కావచ్చు, ఆచరణలో మాత్రం రాష్ట్రానికో తీరు. ముంబై, పుణె, అహ్మదాబాద్, సూరత్‌లలో ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్‌దే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది రాష్ట్ర శాఖ. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన 1999 నాటి ఫైర్ సర్వీసు చట్టమే రెండు చోట్లా ఆధారం.

ఈ తేడా చిన్నది కాదు. మన దగ్గర బిల్డింగ్ పర్మిషన్ ఇచ్చి డబ్బు తీసుకునేది మున్సిపాలిటీ. ఆ బిల్డింగ్‌కు మంటలు అంటుకుంటే బండి పంపాల్సింది ఇంకో శాఖ. ఊళ్లో కొత్తగా ఐదు టవర్లు లేస్తే మున్సిపాలిటీకి ఆదాయం పెరుగుతుంది. పొడుగు నిచ్చెన బండి కొనాల్సిన బరువు మాత్రం రాష్ట్ర శాఖ మీద పడుతుంది. రాబడి ఒక చోట, ఖర్చు ఇంకో చోట ఉన్నంతకాలం ఈ రెంటికీ పొత్తు కుదరదు. మన పట్టణాల్లో పర్మిషన్ ఫీజు గురించి మాట్లాడేవాళ్లు ముందు అడగాల్సింది ఈ సంగతే. రేటెంత అన్నది ఆ తర్వాత.

అలాగని ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్ చేతిలో ఉంటే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయనీ కాదు. రాజ్‌కోట్‌లో 2024 మే 25న గేమ్ జోన్ తగలబడి 27 మంది చనిపోయారు. అక్కడ ఫైర్ విభాగం కార్పొరేషన్‌దే, ప్లానింగ్ విభాగమూ కార్పొరేషన్‌దే. అయినా ఆ గేమ్ జోన్ ఫైర్ ఎన్‌ఓసీ లేకుండానే నడిచింది. ఆ తర్వాత రెండు విభాగాల అధికారులూ అరెస్టయ్యారు. డబ్బు ఒకే పెట్టెలో పడినంత మాత్రాన తనిఖీ జరిగినట్టు కాదు.

పర్మిషన్ ఫీజు: దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

దీని బలం స్పష్టంగానే కనిపిస్తుంది. కొత్త బిల్డింగే ఫైర్ శాఖకు కొత్త పని పెడుతుంది కాబట్టి ఆ బిల్డరే కట్టడం న్యాయం. వసూలు కూడా తేలిక. డబ్బు కట్టకపోతే ఫైలు కదలదు, బకాయి అన్న మాటే ఉండదు. పాత ఇళ్లవాళ్ల మీద భారం పడదు కాబట్టి కౌన్సిల్‌లో గొడవా తక్కువే.

చట్టం ప్రకారం కూడా దీనికి నిలబడే చోటుంది. ఫీజుకూ పన్నుకూ తేడా ఏమిటన్నది సుప్రీంకోర్టు 1954లో శిరూర్ మఠం కేసులో చెప్పింది. కట్టినవాడికి ప్రతిఫలంగా ఏదో సేవ అందితే అది ఫీజు, అలాంటి లెక్క లేకుండా అందరి అవసరాలకూ తీసుకునేది పన్ను. ఆ ప్రతిఫలం పైసా పైసా సరిపోవాలా అన్న ప్రశ్న మన రాష్ట్రం నుంచే వెళ్లింది. మార్కెట్ యార్డుల్లో నూటికి అర్ధరూపాయి ఉన్న ఫీజును రూపాయి చేసినప్పుడు వ్యాపారులు కోర్టుకెక్కారు. 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో, లెక్క అణాపైసలతో సరిపోనక్కర్లేదు, స్థూలంగా పొంతన ఉంటే చాలని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ప్లాన్ ఫీజులో ఫైర్ వాటా పెట్టి, ఆ డబ్బు ఫైర్ పనులకే వాడితే తప్పు పట్టేవాళ్లు ఉండరు. అదే డబ్బు తీసుకెళ్లి రోడ్లకు వాడితే అప్పుడు చిక్కు. కాలిఫోర్నియాలో 2010లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 26 ఇంకా గట్టిది. సేవకయ్యే సముచితమైన ఖర్చును మించి వసూలు చేస్తే ఆ ఫీజు పన్ను కిందికి వస్తుంది, దానికి ఓటర్ల ఆమోదం ఉండాలి.

ఇక బలహీనత. పర్మిషన్ ఫీజు రియల్ ఎస్టేట్‌తో పాటు లేస్తుంది, దాంతో పాటే పడుతుంది. అమెరికాలో 2005లో దాదాపు 20.7 లక్షల ఇళ్ల పని మొదలైంది. 2009 నాటికి ఆ సంఖ్య 5.54 లక్షలకు పడిపోయింది. నాలుగేళ్లలో నాలుగో వంతు. ఆ ఫీజు మీద జీతాలు పెట్టుకున్న ఊరి సంగతి ఊహించండి. ఇళ్లు కట్టడం ఆగిపోయిందని మంటలు ఆగవు కదా. హైదరాబాద్‌లో లాక్‌డౌన్ నెలలు చూసినవాళ్లకు, అమరావతి పనులు ఆగిన ఏళ్లలో గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల స్థలాల మార్కెట్ చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అంతకన్నా పెద్ద సమస్య ఇంకోటుంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పర్మిషన్ ఫీజు కొత్త బిల్డింగుల నుంచి వస్తుంది. ప్రాణాలు పోతున్నది ఎక్కువగా పాత బిల్డింగుల్లో, లేదా ఒక పనికి కట్టి ఇంకో పనికి వాడుతున్న వాటిలో. హైదరాబాద్‌లో ఈ మధ్య జరిగినవే చూడండి. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో ఎనిమిది మంది చనిపోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక ఆరుగురు యువతీయువకులు పోయారు, అందరూ ఉద్యోగాల్లో చేరి ఎంతో కాలం కానివాళ్లు. అదే ఏడాది నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో చిన్న పిల్లలు కూడా. అది గ్రౌండ్ ప్లస్ రెండంతస్తుల ఇల్లు. లోపలికీ బయటికీ ఇరుకు దారి.

ఈ నాలుగింటిలో దేనికీ కొత్త ప్లాన్ ఫీజుతో సంబంధం లేదు. ఫైర్ ఎన్‌ఓసీ ఎవరికి తప్పనిసరి అన్నదానికి మన చట్టం నివాస భవనాలకు 18 మీటర్లు, వాణిజ్య భవనాలకు 15 మీటర్లు అంటూ ఎత్తు గీత గీసింది. పాఠశాలలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లలాంటి జనం చేరే చోట్లకు విడిగా కొలతలు పెట్టింది. గుల్జార్ హౌజ్‌లాంటి ఇల్లు ఆ గీతకు చాలా కింద ఉంటుంది. తెలంగాణలో బిల్డింగ్ పర్మిషన్ల కోసం చేసిన 2020 టీఎస్-బీపాస్ చట్టం తర్వాత 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి రిజిస్ట్రేషన్‌తోనే సరిపోతుంది. పేదవాడికి అది మంచిదే, నేను కాదనను. కానీ పర్మిషన్ల డబ్బుతోనే ఫైర్ స్టేషన్ నడుపుతాం అనేవాళ్లు, ఊళ్లో ఎక్కువ ఇళ్ల నుంచి వచ్చేది దాదాపు ఏమీ ఉండదని గుర్తు పెట్టుకోవాలి.

ఇంకో మాట. పర్మిషన్ల మీద వచ్చే డబ్బుతోనే జీతం అందే అధికారికి "ఇది కుదరదు" అని ఫైలు వెనక్కి పంపడం కష్టమవుతుంది. వ్యక్తి ఎంత నిజాయితీపరుడైనా ఆ ఇరకాటంలో పెట్టకూడదు.

ఈ కారణాల వల్ల పర్మిషన్ ఫీజును జీతాలకు, డీజిల్‌కు వాడొద్దంటాను. ప్లాన్ పరిశీలన, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు ముందు చేసే తనిఖీ, నిచ్చెన బండి, కొత్త స్టేషన్ షెడ్డు, నీటి హైడ్రెంట్లు లాంటి ఒకసారి పెట్టే ఖర్చుకు అయితే ఇంతకంటే తగిన డబ్బు లేదు.

దానికి కొత్త చట్టం కోసం చూడక్కర్లేదు కూడా. ఉమ్మడి రాష్ట్రపు 2012 బిల్డింగ్ రూల్స్‌లో, అందరూ జీఓ 168 అని పిలిచేదాన్లో, సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు పెట్టారు. 15 మీటర్లు దాటి పైకి వెళ్లే కట్టడాలకు అది పడుతుంది. ఆ డబ్బు వేరే పనికి తీయకుండా విడిగా పెట్టే ఎస్క్రో ఖాతాలో ఉండాలి, సగం అదే ప్రాంతపు వసతులకు ఖర్చు పెట్టాలి అన్నది దాని ఉద్దేశం. 15 మీటర్ల పైన అంతస్తు వేయడం అంటేనే మామూలు నిచ్చెన అందని ఎత్తుకు మనుషుల్ని పంపడం. ఆ ఖాతాలో ఫైర్‌కు ఇంత వాటా అని తీర్మానం చేయడం కన్నా సహజమైన పని ఏముంటుంది? ఇదే పద్ధతి టెక్సస్‌లో కుదరదు. అక్కడి చట్టం ఇంపాక్ట్ ఫీజును నీళ్లు, మురుగు, వరద కాల్వలు, రోడ్లకే పరిమితం చేసింది, ఫైర్ స్టేషన్‌కు తావివ్వలేదు. అక్కడ డాలస్ దగ్గరి ఫ్రిస్కో వైపు ఇళ్లు కొన్న మనవాళ్లు కొత్త స్టేషన్ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని చూస్తే, ఎక్కువగా ఆస్తిపన్ను వైపో, బాండ్ల వైపో తేలుతుంది.

ఏటా తనిఖీ ఫీజు

నా మట్టుకు నాకు ఇదే అన్నింటికన్నా ముఖ్యం. మా సెల్లార్ పంపు కథ దీనిదే. ఎన్‌ఓసీ ఇచ్చిన రోజు పంపు పనిచేసింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు, మేమూ పిలవలేదు.

మహారాష్ట్ర 2006లో చేసిన అగ్ని నివారణ చట్టంలో, లైసెన్సు ఉన్న ఏజెన్సీతో పరికరాలు చూపించి ఏటా రెండుసార్లు, జనవరిలో, జులైలో, సర్టిఫికెట్ ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఫైర్ సర్వీస్ ఫీజు కూడా అదే చట్టంలో ఉంది. అయితే ముంబైలో 2021లో ఆ ఫీజును వెనకటి ఏళ్లకూ కలిపి అడగబోతే కార్పొరేటర్లు ఎదురు తిరిగారు, వసూలు ఆగింది. పాత బకాయి అంటూ ఒక్కసారి నోటీసు పంపితే ఎవరికైనా కడుపు మండుతుంది. మొదలుపెట్టే ఊరు ఈ సంగతి గుర్తుంచుకుని, రాబోయే ఏప్రిల్ నుంచి మాత్రమే అని చెప్పాలి.

తనిఖీ ఫీజుకు ఇంకో షరతు ఉంది. తనిఖీ చేసినందుకే డబ్బు తీసుకోవాలి. మనిషి రాకుండా రసీదు మాత్రం వచ్చే ఫీజును జనం లంచంలాగే చూస్తారు. వచ్చిన మనిషి గేజీ ముల్లు ఎక్కడుందో ఫొటో తీసి, ఆ కాగితం బిల్డింగ్ గేటు దగ్గర అతికించి వెళ్తే, ఆ డబ్బు ఇవ్వడానికి గొణిగేవాళ్లు తక్కువే ఉంటారు. మా అపార్ట్‌మెంట్‌లో వాల్వు మార్పిడికి, ఏడాది పొడవునా నిర్వహణ ఒప్పందానికి (ఏఎంసీ) అయిన ఖర్చు చెప్పినప్పుడు ఒక్క ఫ్లాట్ వాళ్లు కూడా అడ్డు చెప్పలేదు, ఎందుకంటే అందర్నీ సెల్లార్‌లోకి తీసుకెళ్లి ఆ ముల్లు చూపించాను.

ఇంటిపన్నులో సెస్సు

సెస్సు అంటే ఒక ఫలానా పని కోసమే పన్ను మీద అదనంగా తీసుకునే సొమ్ము. స్థిరంగా వచ్చే డబ్బు ఇదొక్కటే. మార్కెట్ పడినా ఇంటిపన్ను నోటీసు ఆగదు. పైగా పాత ఇల్లు, కొత్త ఇల్లు అన్న తేడా లేకుండా అందరి నుంచీ వస్తుంది. మంటలకు ఆ తేడా లేదు కాబట్టి ఇది సరైన పొత్తు.

మనకిది కొత్త కాదు. ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది. రూపాయికి ఎనిమిది పైసలు. పుస్తకాల కోసం ఎనిమిది పైసలు ఇస్తున్న మనం ఫైరింజన్ కోసం మూడు పైసలు ఇవ్వలేమా? కర్ణాటక ఎత్తైన భవనాల మీద ఆస్తిపన్నులో ఒక శాతం ఫైర్ సెస్సు ప్రతిపాదించింది. కేంద్ర హోం శాఖ 2019లో రాష్ట్రాలకు పంపిన నమూనా బిల్లులో కూడా ఫైర్ పన్ను మాట ఉంది. ఫ్లోరిడాలో చాలా ఊళ్లు ఇంటిపన్ను బిల్లులోనే ఫైర్ అసెస్‌మెంట్ అని విడి వరుస వేస్తాయి. అక్కడి సుప్రీంకోర్టు 1997లో దాన్ని సమర్థించింది. మంటలార్పే సేవ ఇంటికి మేలు చేస్తుంది కాబట్టి ఇంటి మీద వేయవచ్చంది. 2002లో ఇంకో కేసులో మాత్రం అంబులెన్సు ఖర్చును అందులో కలపడానికి వీల్లేదంది. అంబులెన్సు మేలు చేసేది మనిషికి, ఇంటికి కాదు అన్నది దాని తర్కం. సెస్సు తీర్మానం రాసేటప్పుడు మనవాళ్లు కూడా ఇంత స్పష్టంగా, దేనికి, ఎంతవరకు అని రాసుకోవడం మంచిది.

గ్రంథాలయ సెస్సే మనకు హెచ్చరిక కూడా. జనం దగ్గర వసూలు చేసిన ఆ సొమ్మును మున్సిపాలిటీలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయడం లేదని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. కట్టినవాడు కట్టాడు, లైబ్రరీలో మాత్రం కొత్త పుస్తకం రాలేదు. బిల్డింగ్ పర్మిషన్ దగ్గరే తీసుకునే భవన కార్మికుల సెస్సుదీ ఇలాంటి కథే. 1996 చట్టం ప్రకారం కట్టడం ఖర్చులో ఒక శాతం వసూలు చేస్తూ వచ్చారు, కార్మికుడికి చేరాల్సింది బోర్డుల ఖాతాల్లో మూలుగుతోందని సుప్రీంకోర్టే ఎన్నోసార్లు నిలదీసింది. ఫైర్ సెస్సు కూడా ఆ బాటే పట్టకుండా ఉండాలంటే, వసూలైన మొత్తం ఫలానా తేదీలోగా ఫలానా ఖాతాలో పడాలి, ఆ పద్దు ఏటా కౌన్సిల్ ముందు చదవాలి అన్న వాక్యాలు తీర్మానంలోనే ఉండాలి. తర్వాత రాసుకుందాం అంటే రాసుకోరు.

సర్కారు పద్దు, కేంద్రం గ్రాంటు

మన రెండు రాష్ట్రాల్లో సిబ్బంది జీతాలు ఇప్పటికీ రాష్ట్రమే ఇస్తోంది. ఊరు చేసే ఏ ఏర్పాటూ దాన్ని తప్పించుకోవడానికి రాష్ట్రానికి సాకు కాకూడదు. పైన 15వ ఆర్థిక సంఘం ఫైర్ సర్వీసుల విస్తరణ, ఆధునికీకరణకు దేశం మొత్తానికి రూ. 5,000 కోట్లు సిఫారసు చేసింది. 2023 జులైలో ఆ పథకం మొదలైంది. చాలా రాష్ట్రాలు 25 శాతం, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలు 10 శాతం తమ వాటా వేసుకోవాలన్నది దాని షరతు. మంచి డబ్బే, కానీ అది బండ్లు, స్టేషన్లు, శిక్షణ లాంటి వాటి కోసం. 2025-26 వరకే గడువు పెట్టిన డబ్బు. గ్రాంటుతో బండి వస్తుంది, దాన్ని నడిపే డ్రైవర్ జీతం రాదు. కొత్త బండి వచ్చి సిబ్బంది లేక షెడ్డులో నిలబడటం అన్నది జరగకూడని పని.

చందా పద్ధతి గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. అమెరికాలో టెనెసీ రాష్ట్రం ఓబియన్ కౌంటీలో, ఊరి బయట ఇళ్లవాళ్లు ఏడాదికి 75 డాలర్లు కడితేనే సౌత్ ఫుల్టన్ పట్టణ ఫైరింజన్ వచ్చేది. 2010లో చందా కట్టని ఒక ఇల్లు కాలుతుంటే సిబ్బంది అక్కడే నిలబడి చూశారు, పక్కవాళ్ల పొలానికి మంటలు పాకకుండా మాత్రం ఆపారు. ఇలాంటిది మన గడ్డ మీద ఎవరూ తలపెట్టకూడదు.

లెక్క వేసి చూద్దాం

ఒక మధ్యరకం పట్టణం అనుకుందాం. ఇవన్నీ లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు, మీ ఊరివి మీరు వేసుకోవాలి. యాభై వేల ఇళ్లు, సగటు ఇంటిపన్ను రెండు వేలు. ఏడాదికి పది కోట్లు. ఒక బండికి డ్రైవర్‌తో కలిపి ఆరుగురు, మూడు షిఫ్టులు, సెలవులకు ఇద్దరు, మొత్తం ఇరవై మంది. తలకు నెలకు నలభై ఐదు వేలు వేస్తే జీతాలకే ఏడాదికి 1.08 కోట్లు. డీజిల్, రిపేర్లకు ఇంకో పన్నెండు లక్షలు. అంటే ఒక్క స్టేషన్‌కు 1.20 కోట్లు.

రాబడి ఇలా ఉంటుంది. ఏడాదికి ఐదు వందల ప్లాన్లు, ఒక్కోదాని మీద ఫైర్ వాటా సగటున మూడు వేలు: పదిహేను లక్షలు. మార్కెట్ పడితే ఏడున్నర. హోటళ్లు, ఆసుపత్రులు, స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు, పెద్ద షాపులు కలిపి పన్నెండు వందలు, ఒక్కోదానికి తనిఖీ ఫీజు పదిహేను వందలు: పద్దెనిమిది లక్షలు. ఇంటిపన్నులో రూపాయికి మూడు పైసలు: ముప్ఫై లక్షలు. మూడూ కలిపినా 63 లక్షలు, స్టేషన్ ఖర్చులో సగం కన్నా కాస్త ఎక్కువ.

ఈ అంకెలు చెప్పేది ఒకటే. పర్మిషన్ ఫీజుతో ఫైర్ స్టేషన్ నడవదు, ఎనిమిదో వంతు మాత్రమే వస్తుంది. సెస్సుతో కూడా మొత్తం నడవదు, గ్రంథాలయ సెస్సంత వేసినా ఎనభై లక్షలే. రాష్ట్రం జీతాలు ఇస్తూనే ఉండాలి. కానీ దాని మీద ఊరు చేయగలిగేది చాలా ఉంది. తనిఖీ ఫీజు పద్దెనిమిది లక్షలతో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లను, ఒక వాహనాన్ని పెట్టుకోవచ్చు, ఆ పని దాని డబ్బుతో అదే నడుస్తుంది. సెస్సు ముప్ఫైలో డీజిల్, రిపేర్లు పోగా మిగిలిన దానితో ముగ్గురు అదనపు మనుషులు. ప్లాన్ల వాటాను నాలుగేళ్లు కదపకుండా ఉంచితే అరవై లక్షలు, కొత్త బండికి అది మంచి మొదలు.

మీ ఊరికి ఏది?

ఊరి తీరును బట్టి బరువు మార్చుకోవాలి. టవర్లు లేస్తున్న శివారు అయితే, అంటే కోకాపేట, నార్సింగి, మంగళగిరి, విశాఖ మధురవాడ లాంటి చోట్ల, ఇంపాక్ట్ ఫీజు వాటాకే మొదటి పట్టు పట్టాలి. అక్కడ ఎత్తు పెరుగుతోంది, డబ్బూ ఉంది, ఈ పదేళ్లు పోతే మళ్లీ రాదు. పట్టణాల్లో పది చదరపు కిలోమీటర్లకు ఒక స్టేషన్, ఐదు నుంచి ఏడు నిమిషాల్లో బండి చేరాలి అన్నది కేంద్ర హోం శాఖ కింది ఫైర్ సలహా మండలి పెట్టిన ప్రమాణం. 2007లో ఏర్పడ్డప్పుడు సుమారు 625 చదరపు కిలోమీటర్లున్న జీహెచ్ఎంసీకి ఆ లెక్కన అరవైకి పైగా స్టేషన్లు కావాలి. లేఅవుట్ వేసే రోజే స్టేషన్‌కు జాగా తీసుకోకపోతే తర్వాత గజం రేటు చూసి ఎవరూ ముందుకు రారు.

పాత బజార్లున్న ఊరైతే, వరంగల్ చౌరస్తా చుట్టుపక్కలో, విజయవాడ వన్‌టౌనో, రాజమండ్రి మెయిన్ రోడ్డో, పర్మిషన్ ఫీజు గురించి ఎక్కువ సమయం వృథా చేయొద్దు. అక్కడ కొత్త కట్టడాలు కొద్ది, అగ్గికి చిక్కే ఇరుకు మెట్లు కోకొల్లలు. వాణిజ్య భవనాల మీద కొంచెం సెస్సు, కింద గోడౌన్, పైన కాపురం ఉన్న ప్రతి ఇంటికీ ఏటా తనిఖీ. ఎత్తు గీతకు కింద ఉన్న ఇళ్లకు ఫీజు లేకుండానే తనిఖీ చేయాలంటాను, ఖర్చు సెస్సులోంచి పెట్టాలి. గుల్జార్ హౌజ్ లాంటి ఇంటికి వెళ్లిన ఇన్‌స్పెక్టర్ "రెండో దారి ఒకటి తీయండి, మీటరు దగ్గర ఈ వైర్లు మార్చండి" అని చెప్పడానికి ఆ ఇంటివాళ్ల దగ్గర చలానా రాయించాల్సిన పనిలేదు.

చిన్న మున్సిపాలిటీ అయితే విడిగా ఏమీ మొదలుపెట్టకపోవడమే మేలు. పక్కపక్క మూడు ఊళ్లు కలిసి ఒక బండికి సెస్సు పంచుకోవచ్చు. తనిఖీ ఫీజు వసూలుకయ్యే ఖర్చే ఫీజును మించుతుంది.

ఏ దారి ఎంచుకున్నా, తీర్మానం ముసాయిదా చేతికి వచ్చినప్పుడు చూడాల్సినవి ఇవి: డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, ఆ ఖాతా నుంచి ఫైర్ పనికి తప్ప తీయడానికి వీల్లేదన్న వాక్యం ఉందా, రాష్ట్ర శాఖతో రాసుకున్న ఒప్పందం జతచేశారా, మార్కెట్ పడిన ఏడాది ఏం చేస్తారు, ఎన్ని తనిఖీలు జరిగాయో ఏటా ఎవరు చదువుతారు. మున్సిపల్ బడ్జెట్ ముసాయిదాలు శీతాకాలంలోనే తయారవుతాయి. ఫిబ్రవరిలో అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. కాబట్టి దీపావళి తర్వాత, వార్డు ఆఫీసులో ఒక అర్జీ, కౌన్సిలర్ ఇంట్లో ఒక అర్జీ, దగ్గరి ఫైర్ స్టేషన్‌లో ఒక కాపీ ఇచ్చి మొదలుపెట్టండి. ఫైర్ స్టేషన్‌కు వెళ్లినప్పుడు అక్కడి వాళ్లను మీ ఏరియాలో ఏ సందులోకి బండి దూరదో అడిగి రాసుకోండి. ఆ జాబితా అర్జీకి జతచేస్తే అంకెలకన్నా బాగా పనిచేస్తుంది.